షాపు నంబరుకు పోయిన నా స్కాన్ రిపోర్టు

ఆ రోజు పొద్దున దేవుడి ముందు దీపం పెట్టి లేవబోతే నడుము లేవనివ్వలేదు. గోడ పట్టుకొని ప్రయత్నించాను, పీట పట్టుకొని ప్రయత్నించాను, చివరికి అత్తమ్మను కేకేస్తే ఆమె వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది. నాకప్పటికి నలభై నాలుగేళ్లు. డెబ్బై దాటిన మనిషి నన్ను లేపుతుంటే సిగ్గేసింది, నవ్వొచ్చింది కూడా. అది నవ్వే సంగతి కాదని అప్పుడు తెలియదు.

మాకు వరంగల్ మార్కెట్లో బెల్లం, కొబ్బరికాయల హోల్‌సేల్ దుకాణం ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు. మా ఆయన అన్న, అంటే మా బావగారు, గల్లా మీద కూర్చుంటారు. ఆయనకు భార్య లేదు, దుకాణమే లోకం. మా ఆయన గోదాం, లారీలు చూసుకుంటారు. ఇల్లు నేనూ అత్తమ్మా చూసుకుంటాం, సీజన్ వస్తే కిందికి దిగి ప్యాకింగ్‌లో కూర్చుంటాం. బెల్లం ముద్దలు ఎత్తి దించే ఇంట్లో నడుము నొప్పిని ఎవరు పట్టించుకుంటారు? నేనూ పట్టించుకోలేదు. ఆయింట్‌మెంట్ రాసుకున్నాను, వేడినీళ్ల సంచి పెట్టుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అన్నం సయించేది కాదు. జాకెట్లు వదులయ్యాయి. "సన్నబడ్డవ్, మంచిగున్నవ్" అని పక్కింటావిడ అంటే మురిసిపోయాను, ఏం చెప్పమంటారు!

నొప్పి తట్టుకోలేని స్థితికి వచ్చాక మా ఆయన హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లారు. ఆర్థోపెడిక్ డాక్టర్ నన్ను బోర్లా పడుకోబెట్టి, వెన్నులో ఒక్కో ఎముకనూ వేలితో నొక్కుకుంటూ కిందికి వచ్చాడు. ఒకచోట నొక్కగానే అరిచాను.

"సాయంత్రం పూట జ్వరం వస్తుందా అమ్మా? బరువు తగ్గారా?" అన్నాడు.

రెండూ అవునన్నాను. ఆయన నా వైపు కాకుండా మా ఆయన వైపు తిరిగాడు. "MRI స్పైన్ చేయించండి. రిపోర్ట్ రాగానే పేషెంట్‌ను తీసుకొని నా దగ్గరికి రండి. లేట్ చేయొద్దు."

స్కాన్ దగ్గర రిజిస్ట్రేషన్ కౌంటర్లో అమ్మాయి మొబైల్ నంబర్ అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన షాపు నంబర్ చెప్పేశారు. నాకేం తప్పుగా అనిపించలేదు. మా ఇంట్లో గ్యాసు ఆ నంబరే, కరెంటు బిల్లు ఆ నంబరే, బ్యాంకు ఆ నంబరే, నా ఆధార్‌కు లింకైనదీ ఆ నంబరే. నాకు వేరే ఫోన్ ఉంది, వాట్సాప్‌లో ముగ్గుల బొమ్మలు చూసుకోవడానికి. అసలైన నంబరంటే షాపుదే. ఆ ఫోన్ ఎప్పుడూ గల్లా పక్కన చార్జింగ్‌లో ఉంటుంది. గల్లా మీద ఎవరుంటే వాళ్లు ఎత్తుతారు. మా బజారులో సగం ఇళ్లలో ఇదే పద్ధతి.

MRI కి గాజులు తీయమన్నారు, పుస్తెలు తీయమన్నారు. మెట్టెలు ఎంతకీ రాకపోతే సబ్బు పెట్టి లాగారు. ఆ గొట్టంలోకి పంపాక చప్పుడు మొదలైంది. గోదాం రేకు తలుపును ఎవరో ఆపకుండా బాదుతున్నట్టు ఉంది. వెల్లకిలా పడుకోవడమే నాకు నరకం, దానికి తోడు "కదలొద్దమ్మా, మళ్లీ మొదటి నుంచి తీయాల్సొస్తది" అని స్పీకర్లో మాట. కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు.

బయటికి వచ్చాక ఫిల్మ్ అడిగాను.

"ఇప్పుడు ఫిల్మ్ ఇస్తలేమమ్మా. అంత ఆన్‌లైనే. మీ నంబర్‌కు లింక్ వస్తది, OTP కొట్టి ఇంట్లనే చూసుకోండ్రి" అన్నాడు టెక్నీషియన్.

ఎంత సుఖమైన కాలం వచ్చింది అనుకున్నాను. పెద్ద కవరు చంకలో పెట్టుకొని తిరిగే పని లేదు కదా అని.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగాను. బావగారు తల ఎత్తకుండానే చెప్పారు.

"వచ్చిందమ్మా. ఏం లేదు, నార్మలే. జర ఎముక అరిగిందట."

"రిపోర్టు తీస్కొని రమ్మన్నడు గద డాక్టరు?"

"ఫోన్ల మాట్లాడినం. గవే గోలీలు వాడుమన్నడు. జాతర అయినంక ఓసారి పోయొస్తే అయిపాయె. నువ్వేం ఫికర్ చెయ్యకు."

మా ఆయన కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతున్నారు. నేను పెరుగు గిన్నె తేవడానికి లోపలికి వెళ్లాను.

అది మేడారం జాతర ఏడాది. రెండేళ్లకోసారి జరిగే ఆ జాతరలో సమ్మక్క సారలమ్మలకు బెల్లమే కానుక. దాన్ని బంగారం అంటారు. పెద్ద మొక్కు ఉన్నవాళ్లు త్రాసు మీద కూర్చొని తమ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు, దాన్ని నిలువెత్తు బంగారం అంటారు. మాలాంటి వ్యాపారులకు ఆ ఒక్క సీజన్ రెండేళ్ల అన్నం పెడుతుంది. లారీ వెనక లారీ దిగుతుంటే ఇంట్లో ఎవరూ కూర్చొని తినరు.

అలాంటి సీజన్లో నన్ను ప్యాకింగ్‌కు రావొద్దన్నారు. "పైననే ఉండు, రెస్ట్ తీస్కో" అన్నారు బావగారు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ నోట రెస్ట్ అన్న మాట వినలేదు నేను. అత్తమ్మ నాకోసం కొత్త స్టీలు పళ్లెం, గ్లాసు తెచ్చింది. "గిది నీకే, నువ్వే వాడుకో" అంది. నా బట్టలు వేరే బకెట్లో ఉతికించింది. మా ఆయన తన పడక హాల్లోకి మార్చుకున్నారు. "నువ్వు మంచిగ పండుకోవాలె, నేను పొర్లితే నీకు నొప్పైతది" అన్నారు. నేను పొంగిపోయాను. ఇన్నేళ్లకు నా విలువ తెలిసింది వీళ్లకు అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒకరోజు పొద్దున్నే అత్తమ్మ నన్ను గోదాంలోకి తీసుకెళ్లింది. బస్తాలు తూచే కాంటా మీద నిలబడమంది.

"ఎందుకత్తమ్మా?"

"నిలువెత్తు బంగారం మొక్కిన నీ పేరు మీద."

"నడుము నొప్పికి నిలువెత్తు బంగారమా? గింత పెద్ద మొక్కా?"

"నొప్పి నొప్పే గద బిడ్డా" అని మొహం అటు తిప్పుకుంది. కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూశాను. మా అత్తమ్మ గడుసు మనిషి, కొబ్బరికాయకు కూడా బేరమాడే మనిషి. ఎముక అరిగితే ఏడ్చే రకం కాదు.

ఆ సాయంత్రమే బావగారిని రిపోర్టు చూపించమన్నాను. "సర్వర్ డౌనున్నదమ్మా, OTP వస్తలేదు" అన్నారు. రెండ్రోజులాగి అడిగితే అదే మాట. మూడోసారి అడిగితే విసుక్కున్నారు. "జాతర కానియ్యమ్మా, నడుమ గీ పంచాయితేంది?"

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మెట్లు దిగి కిందికి వచ్చాను. దుకాణంలో పనిచేసే ఆమె, "అక్కా, నీ చెప్పు ఏది?" అంది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. పైన మెట్టు మీద ఉంది. అది ఊడిపోయిన సంగతి నాకు తెలియలేదు. వట్టికాలితో అన్ని మెట్లు దిగాను, బండ చల్లదనం కూడా తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పు తెప్పించుకొని, తొడుక్కొని, రోడ్డు మీదికి వచ్చి ఆటో ఎక్కాను.

దవాఖానలో రికార్డుల కౌంటర్ అమ్మాయికి నా పేరు చెప్పి రిపోర్టు ప్రింట్ ఇమ్మన్నాను.

"OTP పంపినా ఆంటీ, చెప్పండి."

"ఆ ఫోన్ నా దగ్గర లేదు తల్లీ, షాపుల ఉంది."

"OTP లేకుంటే ఓపెన్ కాదాంటీ. మీ ప్రైవసీ కోసమే."

నా ప్రైవసీ! పెద్దగా నవ్వేశాను, లైన్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. అంతలో నా ఫోన్ మోగింది. మా ఆయన.

"నువ్వు దవాఖానల ఉన్నవా?"

"OTP వచ్చింది గద, నంబర్ చెప్పుండ్రి."

అవతల దుకాణం గోల వినపడుతోంది. ఎవరో బెల్లం రేటు అడుగుతున్నారు.

"ఇంటికి రా, మాట్లాడుకుందాం."

"ముందు నంబర్ చెప్పుండ్రి."

"నేనే వస్తాన్న. ఆడనే ఉండు, యాడికి పోకు."

"ఏముంది దాంట్ల? చెప్పుండ్రి, ఏముంది?"

ఫోన్ పెట్టేశారు. కౌంటర్ అమ్మాయి మెల్లగా, "టైమ్ అయిపోయిందాంటీ, మళ్ల పంపాల్నా?" అంది. వద్దన్నాను.

డాక్టర్ గది బయట ఉన్న సిస్టర్ ఆపుతున్నా తోసుకొని లోపలికి పోయాను. ఆయనకు OTP అక్కర్లేదు, పేరు కొట్టగానే తన సిస్టంలో తెరుచుకుంది. స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు.

"ఇన్ని రోజులు ఎక్కడికి పోయారమ్మా?"

"నార్మల్ అన్నరు సార్ మావాళ్లు."

ఆయన స్క్రీన్ నా వైపు తిప్పాడు. బూడిద రంగులో నా వెన్ను. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎముకల్లో రెండు ఎముకల అంచులు కొరికేసినట్టున్నాయి. వాటి వెనక తెల్లటి ఉబ్బు. "ఇది స్పైన్ TB. D11, D12. ఇది చీము, స్పైనల్ కార్డ్‌ను నొక్కుతోంది. రేడియాలజిస్ట్ అర్జెంట్ అని పెట్టారు. మెసేజ్ వెళ్లింది. మీవాళ్లు ఓపెన్ చేసినట్టు కూడా ఉంది ఇక్కడ, ఒకసారి కాదు."

మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశాడు, పాదాలు పైకి లేపమన్నాడు. ఎడమ పాదం లేవలేదు. నేను లేపుతున్నాననే అనుకుంటున్నాను, అది లేవట్లేదు.

"అప్పుడే వచ్చుంటే ఆపరేషన్ పడకపోయేదా సార్?"

"మందులతో పోయేదేమో. ఖచ్చితంగా చెప్పలేను. ఇప్పుడైతే ఆపరేషన్ తప్పదు, కాళ్లు పూర్తిగా పడిపోకముందే చేయాలి."

"మీరన్నా ఒక్క ఫోన్ చేయకపోయిండ్రా నాకు?"

"రిజిస్టర్డ్ నంబర్‌కు మెసేజ్ పోయింది కదమ్మా."

ఆ మాట మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. నా వెన్నులో చీము పట్టిన సంగతి కంప్యూటర్‌కు తెలుసు, డాక్టర్‌కు తెలుసు, గల్లా మీద కూర్చున్న వాళ్లకు తెలుసు. నాకు చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. అందరి పనీ మెసేజ్‌తో అయిపోయింది.

నన్ను అక్కడే అడ్మిట్ చేశారు. మా ఆయన చొక్కా మీద బెల్లం మరకలతోనే పరుగెత్తుకొచ్చారు. మంచం పక్కన నిలబడ్డారు.

"నీకు భయమైతదని చెప్పలే."

"భయం నాకా, దుకాణానికా?"

అప్పుడు చెప్పారు. బావగారు రిపోర్టు తెరిచి తెలిసిన మెడికల్ షాపు అతనికి చూపించారట. అతను టీబీ అన్నాడట. బెల్లం వ్యాపారి ఇంట్లో టీబీ అని బజారులో తెలిస్తే అమ్మవార్లకు పోయే బెల్లం మా దగ్గర ఎవరు కొంటారు? అందుకని జాతర అయ్యాక, ఎవరికీ తెలియకుండా హైదరాబాద్ తీసుకెళ్లి చూపిద్దామని అన్నదమ్ములు, తల్లి కూర్చొని అనుకున్నారట. "గీ కొన్ని దినాలల్ల ఏమైతదిలే అనుకున్నం" అన్నారు. కొత్త పళ్లెం, వేరే బకెట్, హాల్లో పక్క, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నాకు ఏడుపు రాలేదు.

డాక్టర్ రౌండ్‌కు వచ్చినప్పుడు మా ఆయన ముందే అడిగాను. "సార్, ఇది అంటుకుంటదా?"

"ఊపిరితిత్తులు క్లియర్‌గా ఉన్నాయమ్మా. వెన్నులో ఉన్నది ఎవరికీ అంటదు. ఒకే పళ్లెంలో తినొచ్చు."

ఈ ఒక్క ప్రశ్న వాళ్లు అప్పుడే అడిగి ఉంటే! దవాఖాన నంబరు కూడా ఆ షాపు ఫోన్‌లోనే ఉంది కదా.

ఆపరేషన్‌లో చీము తీసి, స్క్రూలు, రాడ్లు వేశారు. తీసిన శాంపిల్‌ను CBNAAT పరీక్షకు పంపితే టీబీయే అని వచ్చింది. ATT అనే టీబీ మాత్రలు మొదలుపెట్టారు. మూత్రం నారింజ రంగులో వచ్చేసరికి రక్తమనుకొని గోల చేశాను, మందు రంగు అంతే అన్నారు. వాంతులకు అలవాటు పడ్డాను అనుకునేలోపు కళ్లు పచ్చబడ్డాయి. మందులు లివర్‌కు పడలేదన్నారు. అన్నీ ఆపి, మళ్లీ ఒక్కొక్కటిగా మొదలుపెట్టారు. ఛాతీ నుంచి నడుము దాకా బ్రేస్ బిగించుకొని చంటిపిల్లలా నడక నేర్చుకున్నాను. "బొటనవేలు పైకి లేపండక్కా" అని ఫిజియోథెరపిస్ట్ రోజూ అడిగేది. రోజూ నేను ఆ వేలి వంక చూస్తూ కూర్చునేదాన్ని. అది కదిలిన రోజు మా ఆయన ఆనందంతో నా చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాను.

అత్తమ్మే నా మలమూత్రాలు ఎత్తిపోసింది. ఆ మాట చెప్పకపోతే పాపం తగులుతుంది. నేను చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడించలేదు, వచ్చి చేసి పోయేది. జాతరలో నా ఎత్తు బంగారం ఇచ్చి ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టింది. తిన్నాను. నా కోపం అమ్మవార్ల మీద కాదు కదా. ఆ ఏడు గిరాకీ బాగా జరిగిందని తర్వాత తెలిసింది.

డిశ్చార్జ్ అయ్యాక నేను చేసిన మొదటి పని రికార్డుల్లో నంబర్ మార్పించడం. దానికి ఆధార్ OTP కావాలన్నారు. ఆధార్ నంబర్ షాపుది. మళ్లీ మొదటికే వచ్చింది కథ. బ్రేస్ వేసుకొని, వాకర్ పట్టుకొని ఆధార్ సెంటర్‌కు పోయాను. అక్కడ నంబర్ మార్చడానికి నా వేలిముద్ర చాలన్నారు, ఎవరి OTP అక్కర్లేదన్నారు. వేలు పెట్టి కన్నీళ్లు పెట్టుకుంటే ఆపరేటర్ కంగారుపడి, "ఏమైందమ్మా, నొప్పైతాందా?" అన్నాడు.

ఇప్పుడు మందులు అయిపోయాయి. నడుస్తున్నాను. ఎడమ పాదం కాస్త ఈడ్చుకుంటుంది, మెట్లకు రెయిలింగ్ కావాలి, కింద కూర్చోలేను. దీపం నిలబడే పెడతాను. అదే ఇల్లు, అదే మనుషులు. క్షమించావా అని మా చెల్లెలు అడుగుతుంది. లేదు. మా ఆయన మంచివారే, నన్ను బాగానే చూసుకుంటారు. కానీ ఆయన "ఏం లేదు, అంత మంచిగనే ఉంది" అంటే చాలు, నా ఒంట్లో ఏదో బిగుసుకుంటుంది. అది ఏ మందుతోనూ పోయేట్టు లేదు.

ఇది చదివేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు ఒక్కటే చెప్తాను. కౌంటర్లో నంబర్ అడిగితే మీ చేతిలో ఉండే ఫోన్ నంబర్ మీ నోటితో చెప్పండి. రిపోర్టు ఎవరు చదివినా, డాక్టర్ ముందు మీరు కూర్చొని మీ చెవులతో వినేదాకా అది నార్మల్ కాదనే అనుకోండి.

మొన్న అత్తమ్మకు కడుపులో నొప్పి వస్తే CT కి తీసుకెళ్లాం. కౌంటర్లో బావగారు అలవాటుగా షాపు నంబర్ మొదలుపెట్టారు. అత్తమ్మ ఆయన చెయ్యి పట్టుకొని ఆపింది. "గది వద్దురా. నా కోడలి నంబర్ రాయించు" అంది.

రిపోర్టు నా ఫోన్‌కు వచ్చింది. పిత్తాశయంలో రాళ్లు. కింద ఇంకో లైను కూడా ఉంది. లివర్‌లో చిన్న మచ్చ, ప్రమాదం లేనిదే కావచ్చు, కొన్నాళ్లకు మళ్లీ స్కాన్ చేయండి అని. ముసలామెకు ఈ లైను చెప్పి భయపెట్టడమెందుకు అని నా మనసుకు తోచింది. అంత తేలిగ్గా తోచినందుకు భయపడ్డాను. వెంటనే ప్రింట్ తీయించి, ఆమె పక్కన కూర్చొని, ఇంగ్లీషులో ఉన్నది ఒక్క ముక్క వదలకుండా తెలుగులో చెప్పాను. మచ్చ సంగతి రెండుసార్లు చెప్పాను. డాక్టర్ దగ్గరికి రేపే పోతున్నామని చెప్పాను.

అంతా విని అత్తమ్మ నా మొహంలోకి చూసింది.

"గింతేనా?"

"గింతే అత్తమ్మా."

"ఏం దాస్తలేవు గద?"

"లేదత్తమ్మా."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకొని, మడిచి, ఎదురింటి టీచరమ్మతో ఇంకోసారి చదివించుకోవడానికి మెట్లు దిగి పోయింది.